నాలుగు స్వరాలు, రెండు మార్కులు

తెల్లబావి గట్టున



ధౌలా కువాన్ అంటే తెల్లబావి అని అర్థం. ఇప్పుడిక్కడ బావికి బదులు వంతెనలు కనిపిస్తాయి. నీళ్ళ చప్పుడుకు బదులు రింగురోడ్డు హోరు వినిపిస్తుంది. అయినా తెలుగువాడికి ఇది పూర్తిగా పరాయి చోటుగా తోచదు. ఒక పక్క తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉన్నది. కాస్త నడిస్తే దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టుకున్న మెట్రో స్టేషను ఉన్నది. ఈ రెంటి నడుమ సాయంకాలపు నడకలో తోచిన సంగతులనే మూడు నెలలకొకసారి ఈ శీర్షికలో మీతో పంచుకుంటున్నాను.

గత సంచికలో త్యాగరాజస్వామి గేయనాటకాలైన ‘ప్రహ్లాద భక్తివిజయము’, ‘నౌకా చరిత్రము’ గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన ఒక యువ సహోద్యోగి విశాఖపట్నం నుండి ఉత్తరం వ్రాశారు. “మీరు ఎప్పుడూ రెండు వందల ఏళ్ళ నాటి వారిని గురించే వ్రాస్తారు. వారిని మెచ్చుకోవడానికి ధైర్యం అక్కరలేదు. మన కాలపు వాగ్గేయకారుణ్ణి మన విమర్శకులు ఎలా ఆదరించారో వ్రాయండి” అని వారి కోరిక. ప్రశ్న న్యాయమైనదే. సమాధానం వ్రాయబోతే మాత్రం నేను దాచుకున్న ఒక తప్పు కూడా బయట పెట్టవలసి వస్తున్నది. అందుకు సిద్ధపడే కలం పట్టాను.

మన కాలపు వాగ్గేయకారుడు అనగానే నాకు మొట్టమొదట మనసులో మెదిలేది మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారే. 1930 జులై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టి, త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి వద్ద విద్య నేర్చి, ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో పూర్తి కచేరీ చేసిన ప్రతిభాశాలి ఆయన. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. ఆయన గాత్రాన్ని కాదన్నవారు తక్కువ. వివాదమంతా ఆయన రచనల చుట్టూ నడిచింది.

మొదటి రచనల సంగతి చూడండి. యౌవనంలోనే ఆయన డెబ్బై రెండు మేళకర్త రాగాలలోనూ కృతులు రచించారు. అవి 1952లో ‘జనకరాగ మంజరి’గా వెలువడ్డాయి. తరువాతి కాలంలో ‘రాగాంగ రావళి’ పేరుతో రికార్డులుగానూ వచ్చాయి. డెబ్బై రెండు అనే సంఖ్య ఎక్కడిదో సంగీతం తెలియని మిత్రుల కోసం ఒక్క మాట చెబుతాను. రిషభ గాంధారాల జంటకు ఆరు విధాలు, ధైవత నిషాదాల జంటకు ఆరు విధాలు, మధ్యమానికి రెండు విధాలు. ఆరును ఆరుతో, దానిని రెండుతో హెచ్చవేస్తే 72. పదిహేడవ శతాబ్దంలో వేంకటమఖి తన ‘చతుర్దండీ ప్రకాశిక’లో ఈ గణితాన్ని స్థిరపరచినప్పుడు వాడుకలో ఉన్న మేళాలు కేవలం 19. తక్కిన 53 గదులూ ఖాళీ. గోదాము కట్టి, సరుకు తరువాత వస్తుందని అరలు వేసి ఉంచడం వంటిది ఆ పని.

ఆ అరలు నింపే ప్రయత్నం బాలమురళి గారితో మొదలు కాలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో మహావైద్యనాథ అయ్యర్ డెబ్బై రెండు మేళాలనూ ఒకే రాగమాలికలో గుదిగుచ్చారు. తరువాత కోటీశ్వర అయ్యర్ తమిళంలో డెబ్బై రెండు మేళాలకూ కృతులు కూర్చారు. ఆ వరుసలో వచ్చిన యువకుని కృషిని పెద్దలు అబ్బురంతోనే చూశారు. అయితే ప్రశంస వెనుకనే సన్నని సణుగుడు కూడా వినవచ్చేది: ఇది సంగీతమా, ఎక్కాల పుస్తకమా? వివాది స్వరాలున్న మేళాలు చెవికి ఎలా ఇంపవుతాయి? త్యాగరాజ, దీక్షిత, శ్యామశాస్త్రుల కృతులుండగా కచేరీలో స్వీయరచనలకు అంత చోటెందుకు? ‘మురళి’ అని తన పేరునే ముద్రగా పెట్టుకోవడం ఏమిటి?

ఇందులో కొన్ని ఆక్షేపణలు నిలిచేవి కావు. స్వనామ ముద్ర మన సంప్రదాయంలో కొత్తది కాదు. త్యాగయ్య పేరు ఆయన కృతులలో లేదా? కాని కచేరీలో పాళ్ళ విషయమై లేవనెత్తిన ప్రశ్న పూర్తిగా కొట్టివేయదగినది కాదు. వినవచ్చిన శ్రోతకు పెద్దల కృతి మీద ఆశ ఉంటుంది. కొత్త కృతి ఆ ఆశకు పోటీగా నిలబడాలి. నిలబడినవి నిలబడ్డాయి. ఆయన తిల్లానాలు నేడు ఇతర గాయకుల కచేరీలలో, నాట్యప్రదర్శనలలో వినిపిస్తూనే ఉన్నాయి. ఒక రచన కర్తను దాటి పరుల గొంతులో చేరడాన్ని మించిన విమర్శకుడు ఎవరుంటారు?

అసలు తుపాను కొత్త రాగాలతో వచ్చింది. మహతి, లవంగి, సర్వశ్రీ, ఓంకారి, గణపతి మొదలైన పేర్లతో ఆయన కొన్ని రాగాలు కల్పించారు. వీటిలో మహతికి షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం అనే నాలుగే స్వరాలు. లవంగికి కూడా నాలుగే: షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. సర్వశ్రీకైతే షడ్జమ మధ్యమ పంచమాలనే మూడు స్వరాలు. 1980 దశకపు తొలినాళ్ళలో ప్రసిద్ధ వైణికుడు ఎస్. బాలచందర్ గారు వీటిని బహిరంగంగా ఆక్షేపించారు. ఆయన సామాన్యుడు కాడు. తన వాద్యంపై అసాధారణ ప్రజ్ఞ గలవాడు, నమ్మినదాని కోసం ఎవరితోనైనా తలపడగలవాడు. వివాదం మదరాసు సంగీత సభలనూ, పత్రికలనూ చాలాకాలం అట్టుడికించింది.

ఆక్షేపణ సారాంశం ఇది. ఏడు స్వరాలుంటే సంపూర్ణం, ఆరుంటే షాడవం, అయిదుంటే ఔడవం. అంతకు తగ్గితే రాగమే లేదు. దీనికి శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. మతంగుని ‘బృహద్దేశి’ నాలుగు, అంతకు తక్కువ స్వరాల గానాన్ని మార్గ సంగీతంలో చేర్చలేదు. దానిని శబర పుళిందాదుల పాటగా వేరుగా నిలిపింది. కాని అదే శాస్త్ర సంప్రదాయం నాలుగు స్వరాల గానానికి ‘స్వరాంతరం’ అనే పేరు పెట్టి, మూడు స్వరాల దానిని ‘సామికం’ అని పిలిచి లెక్కలోకి తీసుకున్నది. హిందుస్తానీ వారి మాలశ్రీ ప్రధానంగా మూడు స్వరాల మీదనే నడుస్తుందని ప్రసిద్ధి. కాబట్టి గ్రంథం తెరిస్తే ఇరుపక్షాలకూ సాక్ష్యాలు దొరుకుతాయి.

మా నాన్నగారు బాలచందర్ గారి పక్షం. విజయవాడలో మా ఇంట తెల్లవారగానే రేడియోలో భక్తిరంజని మోగవలసిందే. ఆ గొంతు వినిపిస్తే నాన్నగారు క్షవరం చేసుకుంటూ కత్తి ఆపి వినేవారు. కాని కొత్త రాగం అంటే మాత్రం లేచి రేడియో కట్టివేసేవారు. “మూడు రాళ్ళు పెడితే పొయ్యి అవుతుంది గాని ఇల్లు అవుతుందిరా?” అనేవారు. పన్నెండేళ్ళ నాకు ఆ మాట వేదవాక్యం. ఎన్నడూ ప్రశ్నించకుండా దానిని నాతో బాటు ఇంజనీరింగు కళాశాలకూ, తరువాత ఉద్యోగానికీ, చివరికి ఢిల్లీకీ మోసుకుని వచ్చాను.

ఇక నా తప్పు సంగతి. 2012లో మా నివాస సముదాయంలో సాంస్కృతిక వారోత్సవాలు జరిగాయి. బాలల శాస్త్రీయ గాత్ర విభాగానికి ముగ్గురు న్యాయనిర్ణేతలలో నేనొకణ్ణి. శ్రుతి, లయ, సాహిత్యోచ్చారణ, ప్రామాణికత అని నాలుగు గడులు, ఒక్కొక్క దానికి పది మార్కులు. నియమావళిలో “ప్రామాణిక రాగాలలోని కృతులు మాత్రమే” అనే వాక్యం ఒకటి ఉన్నది. పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె వేదిక ఎక్కి మహతి రాగంలో బాలమురళి గారి కృతి పాడింది. శ్రుతి చెదరలేదు. తాళం జారలేదు. సభ నిశ్శబ్దంగా విన్నది. నేను మొదటి మూడు గడులలో ఎనిమిదేసి వేసి, నాలుగవ గడిలో మూడు వేశాను. తక్కిన ఇద్దరూ అక్కడ ఏడేసి వేశారు. రెండు మార్కుల తేడాతో ఆ అమ్మాయికి మూడవ బహుమతి తప్పిపోయింది.

మరునాడు ఆమె తండ్రి నా గదికి వచ్చారు. మరొక విభాగంలో పనిచేసే మితభాషి. “అయ్యా, మా అమ్మాయి ఎక్కడ తప్పు పాడిందో చెబితే దిద్దుకుంటుంది” అన్నారు.

“పాడటంలో తప్పు లేదండీ. రాగమే ప్రామాణికం కాదు” అన్నాను.

“అయితే తప్పు మా అమ్మాయిది కాదన్న మాట” అన్నారాయన. కాసేపు నిలబడి, నమస్కారం చేసి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది ఆ అమ్మాయి పోటీకి పేరు ఇవ్వలేదు. ఆ తరువాత వారికి బదిలీ అయింది.

నేను నియమాన్ని పాటించానని చాలాకాలం సమాధానపడ్డాను. 2016 నవంబరులో బాలమురళి గారు పోయిన నాటి సాయంత్రం విమానాశ్రయపు మెట్రోలో ధౌలా కువాన్‌కు తిరిగి వస్తూ, ఫోనులో ఆయన పాటలు వరుసగా వింటున్నాను. వరుసలో మహతి వచ్చింది. నాన్నగారి చెయ్యి రేడియో వైపు కదలడం కళ్ళకు కట్టింది. కాని ఈసారి కట్టివేయలేదు. ఆ పాటను మొదటి నుండి చివర దాకా వినడం నా జీవితంలో అది రెండవసారి. మొదటిసారి విన్నది ఆ అమ్మాయి గొంతులో, అదీ చేతిలో పెన్నుతో.

వింటూండగా ఒక సందేహం కలిగింది. ఈ నాలుగు స్వరాలూ తంబురాతో ఇంతగా కలిసిపోతున్నవేమిటి? ఇంటికి వచ్చి కాగితం తీసుకున్నాను. ఒక తీగ మోగినప్పుడు దాని మూలధ్వనితో బాటు, ఆ పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లుగా అనుస్వరాలు కూడా మోగుతాయని భౌతికశాస్త్రంలో చదువుకున్నాము. నాలుగవ రెట్టును షడ్జమంగా తీసుకుంటే అయిదవది అంతర గాంధారం, ఆరవది పంచమం. ఏడవది కైశికి నిషాదానికి అతి సమీపం: అనుస్వరపు నిష్పత్తి 1.75 కాగా, పంచమ మధ్యమ సంబంధాలతో లెక్కించే నిషాదం 16/9, అనగా సుమారు 1.78. అంటే మహతి నాలుగు స్వరాలూ దాదాపు 4 : 5 : 6 : 7 నిష్పత్తిలో నిలుస్తున్నాయి. తంబురా తీగ తనలో తాను పాడుకునే పాటకు ఇంత దగ్గరగా ఉన్నదానిని నేను అప్రామాణికమని మూడు మార్కులతో పంపించాను! మహతి అనేది నారదుని వీణ పేరు. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ చిత్రంలో నారదుని వేషం కట్టినది కూడా బాలమురళి గారే.

అయితే ఈ లెక్కతో వివాదం తీరిపోయిందని చెప్పను. అలా చెబితే నాన్నగారి పక్షం విడిచి మరొక మూఢత్వంలో పడినట్లే. లవంగి స్వరాలకు ఇటువంటి సులువైన నిష్పత్తి లేదు. అయినా అది మనసును లాగుతుంది. పైగా లెక్క ప్రకారం షడ్జమాన్ని ఉంచుకుని తక్కిన పదకొండు స్వరస్థానాలలో మూడేసి ఎంచుకుంటే నాలుగు స్వరాల వరుసలు 165 వస్తాయి. రెండేసి ఎంచుకుంటే మూడు స్వరాల వరుసలు 55. ఇవన్నీ రాగాలా? కానే కావు. వరుస వేరు, రాగం వేరు. ఇటుకల జాబితా వేరు, గోడ వేరు. విమర్శకుల పక్షంలో నిజమైన బలం ఇక్కడ ఉన్నది. తోడి, కాంభోజి వంటి రాగాలు ఎందరో వాగ్గేయకారుల చేతులలో, ఎన్నో తరాల గమకాలతో పెరిగి పెద్దవైనవి. నాలుగు స్వరాలలో గంటసేపు ఆలాపన సాగించడం కష్టం. ఒక మనిషి పేరు పెట్టినంత మాత్రాన రాగం పుట్టదు. ఇదంతా ఒప్పుకోవలసిందే.

ఒప్పుకున్న తరువాత అడగవలసిన ప్రశ్న వేరు. కొత్తదానిని పరీక్షించడం ఎలా? మా సివిల్ ఇంజనీర్లకు ఐ.ఎస్. 456 అనే కాంక్రీటు కోడ్ ఉన్నది. 1953లో తొలిసారి వెలువడి 1957, 1964, 1978, 2000 సంవత్సరాలలో సవరణలు పొందింది. 1978 సవరణలో లిమిట్ స్టేట్ పద్ధతి ప్రవేశించింది. బాలమురళి గారు సంగీత కళానిధి బిరుదు అందుకున్నది కూడా ఆ ఏడాదే. నేను కళాశాలలో చేరిన నాటికి ఆ పద్ధతి వచ్చి పదేళ్ళు కావస్తున్నా, పాత వర్కింగ్ స్ట్రెస్ పద్ధతి మీదనే చెయ్యి వేసి ప్రమాణం చేసే పెద్దలు ఉండేవారు. వారు తెలివితక్కువవారు కారు. వారు కట్టిన వంతెనలు ఇంకా నిలిచే ఉన్నాయి. కాని కోడ్ అనేది నిన్నటి వరకు తెలిసినదానికి దస్తావేజు. రేపటి కట్టడాన్ని భారం మోపి పరీక్షించాలే గాని, పాత ముద్రణలో లేదని కూలగొట్టరాదు.

రాగానికి భారపరీక్ష ఏమిటి? కల్పించినవాడు కాక మరొకడు దానిని పట్టుకుంటే నిలుస్తుందా అన్నదే. మహతికి ఆ పరీక్ష వివాదం ముదరక ముందే జరిగింది. 1975లో కె. బాలచందర్ గారి తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ గారు ఆ రాగంలో ఒక పాట కట్టారు. యేసుదాసు గారు పాడారు. రాగం పేరు తెలియని లక్షల మంది దానిని పాడుకున్నారు. త్యాగరాజస్వామి నాటికి ఖరహరప్రియ ఎంత కొత్తది? ఆయన కృతుల వల్లనే దానికి నేటి రూపం వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆనాడు నాలాంటి న్యాయనిర్ణేత ఒకడు నాలుగవ గడిలో మూడు వేసి ఉంటే?

ఈ కథ మనకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. బిజే రచించిన ‘కార్మెన్’ ఆపెరాను 1875 మార్చిలో ప్యారిస్ చప్పగా స్వీకరించింది. మూడు నెలలకే ఆయన కన్నుమూశారు. ఆ తరువాతనే లోకం దానిని నెత్తిన పెట్టుకున్నది. మన కాలంలో అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ కొద్దిపాటి స్వరాలను మళ్ళీ మళ్ళీ తిప్పుతూ రచన చేస్తే, ముల్లు ఇరుక్కున్న రికార్డు అని ఎగతాళి చేసినవారున్నారు. ఆయనే దక్షిణాఫ్రికాలోని గాంధీజీ జీవితంపై ‘సత్యాగ్రహ’ అనే ఆపెరా కూర్చారు. 1980లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో తొలి ప్రదర్శన జరిగింది. పాటలన్నీ భగవద్గీత నుండి తీసుకున్న సంస్కృతంలోనే. శ్రోతలకు అర్థంకాని భాషలో ఆపెరా ఏమిటని అడిగినవారికి మనం నవ్వుతూ జవాబు చెప్పవచ్చు: తమిళదేశంలో మేలట్టూరు భాగవతమేళం తరతరాలుగా తెలుగులోనే ఆడుతున్నది, చూసేవారు చూస్తూనే ఉన్నారు. 2008లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరా కూడా ‘సత్యాగ్రహ’ను వేదిక ఎక్కించింది. ఎగతాళికీ ఆ వేదికకూ మధ్య మూడు దశాబ్దాల కాలం పట్టింది.

పెద్ద కళాకారులు ఆ కాలాన్ని ఓర్చుకోగలరు. బాలమురళి గారికి 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్సు ప్రభుత్వపు షెవాలియే గౌరవం వచ్చాయి. ఆక్షేపణలు ఆయన పాటను ఆపలేదు. కాని అదే ఆక్షేపణ పద్నాలుగేళ్ళ పిల్ల మీద పడితే దానికి మోసే భుజం ఏది? మదరాసు పండితులు సమఉజ్జీతో వాదించారు. నేను ఆ వాదాన్ని తెచ్చి ఒక చిన్నపిల్ల మీద గెలిచాను. విమర్శ చేసేవారందరం జ్ఞాపకం ఉంచుకోవలసిన భేదం ఇది.

నాన్నగారి మాటకు ఇన్నాళ్ళకు నాకు జవాబు దొరికింది. మూడు రాళ్ళు పెడితే ఇల్లు కాదు, నిజమే. కాని నాన్నగారూ, ఆ మూడు రాళ్ళ మీదనే కదా అన్నం ఉడికేది! ఇల్లు కాలేదని పొయ్యిని తప్పుపట్టడం ఎందుకు? ఆయన ఉంటే నవ్వేవారో, కసిరేవారో చెప్పలేను. రేడియో మాత్రం కట్టివేసి ఉండేవారు.

ఈ ఏడాది సాంస్కృతిక వారోత్సవాల సంఘానికి నేనొక వినతిపత్రం ఇచ్చాను. “ప్రామాణిక రాగాలలోని కృతులు మాత్రమే” అనే వాక్యాన్ని తొలగించి, దాని స్థానంలో “పాడబోయే కృతి రాగం, ఆరోహణ అవరోహణలు, రచయిత పేరు ముందుగా కాగితం మీద ఇవ్వవలెను” అని చేర్చమని కోరాను. నాలుగవ గడి పేరు ‘ప్రామాణికత’ నుండి ‘రాగస్వరూపం’గా మార్చమన్నాను. ఇచ్చిన స్వరాలకు పాడినవారు కట్టుబడ్డారా లేదా అన్నదే అక్కడ తూచాలి. సంఘం వారు పరిశీలనలో ఉంచారు. ప్రభుత్వరంగ సంస్థలో ‘పరిశీలనలో ఉన్నది’ అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఫైలు కదిలే దాకా వెంట పడతాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో, పాడుతున్నదో లేదో నాకు తెలియదు. మన పత్రిక అన్ని యూనిట్లకూ వెళుతుంది గనుక, ఆమె తండ్రిగారు ఎక్కడున్నా ఈ పుట చూడవచ్చునని ఆశ. అయ్యా, ఆనాడు మీరు అడిగిన ప్రశ్నకు ఇదీ నా సరైన జవాబు: మీ అమ్మాయి తప్పు పాడలేదు. తప్పు నా గడిలో ఉన్నది.

వచ్చే సంచికలో మేలట్టూరు భాగవతమేళం గురించి ముచ్చటించుకుందాము. అందాకా సెలవు.